ఆరో రోజు, అరగంట

"త్రివేణీ, నువ్వు భలే ఆర్గనైజ్ చేస్తావే" అని ఎవరైనా అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది పొగడ్త కాదు. బరువు నెత్తికెత్తే ముందు పెట్టే చుట్టకుదురు. ఈ పరాయి దేశపు నోవై ఊళ్ళో పదిహేనేళ్ళుగా ఎవరింట్లో సీమంతమైనా, ఏ పార్కులో వనభోజనాలైనా పొగడ్త నాకే, పేపరు ప్లేట్లు మోసుకొచ్చే పనీ నాకే. మిగతావాళ్ళు తిని, ఫోటోలు దిగి, ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్తారు.

ఈసారి శ్రీలంక. స్ప్రింగ్ బ్రేక్‌కి ఐదు కుటుంబాలు కలిసి వెళ్ళాలట. ఈ ఆలోచన వాసుదేవరావు గారిది. డెబ్బై దాటిన మనిషి. కార్ల బ్రేకులు డిజైన్ చేస్తూ రిటైరయ్యారు గానీ, మాట మొదలుపెడితే మాత్రం ఆయనకు బ్రేకుండదు.

"అమ్మా, మన నాగార్జునకొండలో సింహళ విహారమని ఒకటుండేది, తెలుసా? ఆ రోజుల్లోనే సింహళ భిక్షువులు మన గడ్డ మీద ఉన్నారు. మనం వెళ్ళి అనురాధపురం చూడకపోతే ఎట్లా?" అంటూ రోజుకో వాయిస్ మెసేజ్. కూర పొయ్యి మీద పెట్టి వినడం మొదలుపెడితే కూర అడుగంటేది, మెసేజ్ మాత్రం అయ్యేది కాదు.

రష్మిది ఇంకో పాట. మా సందు చివరి టౌన్‌హోమ్‌లో ఉంటుంది, ముప్పై నిండిన పిల్ల. "అక్కా, స్తూపాలు ఒక్కటి చూస్తే చాలదా? అన్నీ సేమే ఉంటయ్ గదా. ఆ టీ తోటల్ల ట్రైన్ మాత్రం మస్ట్. నేను డ్రెస్ గూడ కొన్న." ఒకరికి గుహలు వద్దు, ఇంకొకరికి ఎక్కడమే వద్దు. వీటన్నిటి మధ్య రైస్ కుక్కర్ ఎవరు మోయాలన్న తగువొకటి. మూడు పూటలా అన్నం తినే దేశానికి రైస్ కుక్కర్ మోసుకుపోయే జాతి భూమ్మీద మనదొక్కటే అయివుంటుంది. అది కావాలని అందరూ అన్నారు. మోస్తానని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఇక మా ఆయన దివాకర్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని, టికెట్లు బుక్ కాకముందే వాట్సాప్ గ్రూపు తెరిచి పేరు పెట్టేశాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో, పెద్దగా, 'లంకాదహనం' అని. పైన తోకకు నిప్పుతో ఎగురుతున్న ఆంజనేయస్వామి బొమ్మ. అందరూ పడీపడీ నవ్వుతున్న మొహాలు వరసగా పెట్టారు. ఈ ట్రిప్పుకు మా ఆయన చేసిన సేవ అదొక్కటే. నాకు నవ్వే తీరిక కూడా లేకపోయింది.

మా పక్కింట్లో యోగరాణి అక్క ఉంటుంది. శ్రీలంకలోని జాఫ్నా తమిళావిడ. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం. భర్త పోయాడు, కొడుకు కాలేజీలో ఉన్నాడు. మేమిద్దరం ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటాం. కోపమొస్తే నేను తెలుగులోకి, ఆవిడ తమిళంలోకి జారిపోతాం, అయినా ఒకరి మాట ఒకరికి బాగానే అందుతుంది. మా రెండిళ్ళ మధ్య మా అమ్మ పేరు చెక్కిన స్టీలు డబ్బా ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఇక్కణ్ణించి గోంగూర పప్పుతో వెళ్తుంది, అక్కణ్ణించి పిట్టుతోనో వడలతోనో వస్తుంది. ఏమీ లేకపోతే ఆవిడ గుప్పెడు పంచదార పోసి ఇస్తుంది. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని మా అమ్మ నాకు నేర్పింది. వాళ్ళమ్మా ఆవిడకి అదే నేర్పిందట.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరం ఎవరి డ్రైవ్‌వేలో వాళ్ళం మంచు తోడుకుంటుంటే ట్రిప్పు సంగతి చెప్పి నా కష్టాలన్నీ వెళ్ళబోసుకున్నాను. ఆవిడ పార మీద చేతులానించి అంతా విని, "నేనూ రావచ్చా?" అంది.

నేను తెల్లబోయాను. "అక్కా, మీ దేశం మీకు కొత్తా?"

"నేను సిగిరియా కొండకోట చూడలేదు త్రివేణీ. తొమ్మిదో క్లాసులో స్కూలు ఎక్స్‌కర్షన్ పెట్టారు. సిగిరియా, అనురాధపురం, పొలొన్నరువ. నా పేరిచ్చాను, అమ్మ కొత్త గౌను కుట్టించింది. ఆ నెలలోనే గొడవలొచ్చాయి. మా వీధి తగలబెట్టారు. నాన్న పుస్తకాల కొట్టూ పోయింది. ఎక్స్‌కర్షన్ క్యాన్సిల్."

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ తమ్ముడు సైకిలు మీద ట్యూషన్‌కి వెళ్ళి తిరిగి రాలేదట. ఆవిడని మేనమామ దగ్గరికి కెనడా పంపేశారట. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టలేదు.

"ఒక్కదాన్నే వెళ్తే దిగగానే ఆ వీధి పిల్లనైపోతాను. మీతో వస్తే టూరిస్టుని. టోపీ పెట్టుకుని, నీళ్ళ బాటిల్ పట్టుకుని, మీరు కొట్లాడుకుంటుంటే మీ వెనకాల నడుస్తాను. నన్నెవరూ ఏమీ అడగరు" అంది. అని నవ్వింది. "మా ఎక్స్‌కర్షన్‌కి లీడరు లెక్కల టీచరు. ఇంకా నెలుందనగానే అరవడం మొదలుపెట్టింది. టోపీ లేనివాళ్ళు బస్సెక్కొద్దు! సాక్సులు రెండు జతలు! ఆ అరుపులు ఇంకా చెవిలో ఉన్నాయి."

ఆ వేళే ఆవిడకి టికెట్ బుక్ చేశాను. ఆ క్షణం నుంచి ఈ ట్రిప్పు నాకు పని కాదు, పంతం. ఎవరు ఏం చూసినా చూడకపోయినా యోగరాణి అక్క సిగిరియా ఎక్కాలి. ఆవిడ కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగకూడదనే కదా ఆవిడ మాతో వస్తానన్నది.

మా పక్కింటావిడ కూడా వస్తోందని చెప్పగానే వాసుదేవరావు గారు ఎగిరి గంతేశారు. "ఆ దేశపు మనిషే దొరికింది! ఉండండి, ఇప్పుడే గ్రూపులో యాడ్ చేస్తా." చేసేశారు. నలుగురు వెల్‌కమ్ అన్నారు. రష్మి వెంటనే "మీ దగ్గర బెస్ట్ బీచ్ ఏది ఆంటీ?" అని అడిగింది. జవాబు రాలేదు. కాసేపటికి, యోగరాణి గ్రూపు వదిలి వెళ్ళారని కనిపించింది.

పొరపాటున వేలు తగిలిందేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ గ్రూపు తెరిచాను, ఎవరేం కూశారో చూద్దామని. ఎవరూ ఏమీ కూయలేదు. అప్పుడు కళ్ళు పైకెళ్ళాయి. మంట. తోక. పెద్దక్షరాల్లో ఆ మాట. తమిళులకి ఆ మాటకి అర్థం చెప్పాలా? ఓరి నాయనో, అని అక్కడే కూలబడ్డాను.

"జోక్ వే! సుందరకాండ!" అన్నాడు దివాకర్, చేతిలో కాఫీ కప్పుతో. "ఆవిడా హిందువే కదా, ఆంజనేయుడు ఆవిడకీ దేవుడే కదా?"

"ఆవిడ వీధి నిజంగానే తగలబడింది మహానుభావా! వాళ్ళ నాన్న కొట్టుతో సహా!"

కప్పు కింద పెట్టాడు. "నాకేం తెలుసు? నువ్వు చెప్పలేదుగా" అన్నాడు. అది నిజమే, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మనవాళ్ళం క్షమాపణ కూడా వండుకునే వెళ్తాం. పులిహోర కలిపి, ఆ స్టీలు డబ్బాలో పెట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని పక్కింటికెళ్ళాను. దివాకర్ గుమ్మంలోనే మంచు బూట్లతో నిలబడి, "సారీ అక్కా. నాకు బుద్ధి లేదు" అన్నాడు. అంతకంటే ఏమీ పొడిగించలేదు. ఆ ఒక్క పూట నా మొగుడు నాకు నచ్చాడు.

"మా స్కూలు నాటకంలో మా తమ్ముడే హనుమంతుడు" అంది ఆవిడ. "అమ్మ పాత చీరతో తోక. వాడు తోక ఊపుతుంటే ఊరంతా చప్పట్లు. ఆ కథ మీద నాకేం కోపం లేదు దివాకర్. ఫోన్ తెరవగానే ఆ మాట కనబడితే ఉండలేక బయటికొచ్చేశాను, అంతే. వస్తానులే." డబ్బా తీసుకుంది. మూత తీసి వాసన చూసి ఇంగువ ఎక్కువైందంది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే దివాకర్ ఎందుకవుతాడు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయన తొక్కిన కాలు తీసుకెళ్ళి తాగేనీళ్ళ బిందెలో కడిగాడు. గ్రూపు పేరు మార్చి, ఎందుకు మార్చాల్సి వచ్చిందో అందరికీ వివరంగా రాశాడు. పులిహోర కలుపుతూ నేను చెప్పిన వీధి, కొట్టు, తమ్ముడు, సైకిలు, అన్నీ. "ఆవిడ మనసు నొప్పించకుండా అందరం జాగ్రత్తగా ఉందాం" అని చివర దండం బొమ్మ.

జాగ్రత్త మొదలైంది. ఎవరో ఆవిడింటికి తెల్లపూల గుత్తి పంపారు, ఎవరో చనిపోయినట్టు. రష్మి విడిగా మెసేజ్ పెట్టింది: "సో సారీ ఆంటీ, మీ బ్రదర్‌ది అప్పుడు ఏజ్ ఎంతుండె?" మంచి మనసే, కాదనను, ఆ పిల్ల రాస్తూ ఏడ్చిందట కూడా. వాసుదేవరావు గారు ఆవిడకి బుద్ధుడి బోధ మీద పొడుగాటి వాయిస్ మెసేజ్ పంపారు, అంతా అనిత్యమమ్మా, దుఃఖానికి కారణం తృష్ణ అంటూ. తమ్ముడు తిరిగి రావాలనుకోవడం తృష్ణా? నాకు తెలిసి ఉంటే ఆయన ఫోను లాక్కుని మంచులో పూడ్చేదాన్ని.

దాని మీద గోరుచుట్టుపై రోకలిపోటు. ఆయన కష్టపడి తయారుచేసిన టూర్ ప్లాన్, రంగురంగుల గడులతో, అందరికీ ఈమెయిల్‌లో వచ్చింది. ఆవిడకీ వెళ్ళింది. మొదటి రోజు కొలంబో. తర్వాత దంబుల్లా గుహలు, సిగిరియా. అనురాధపురం బోధివృక్షం పక్కన "అవశ్యం" అని ఎర్ర రంగు. ఆరో రోజు ఇలా ఉంది: "జాఫ్నా. యోగరాణి గారి ఇల్లు (శిథిలం). మౌనం. గ్రూప్ ఫోటో. అరగంట. తర్వాత లంచ్, సౌత్ ఇండియన్ వెజ్."

వెంటనే ఫోన్ చేశాను. "సార్, ఇదేంటి సార్?"

"ఏం తల్లీ, గౌరవంగా ఉంటుందని పెట్టాను. అరగంట చాలదంటావా? గంట చేసేదా?"

పెద్దాయన. మంచాయన. నాకు ఏడుపొచ్చింది. ఏం చెప్తే ఎక్కుతుందో తెలియక ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో, మంచు పార పక్కన, స్టీలు డబ్బా ఉంది. తళతళా కడిగి, తుడిచి, మూత పెట్టి. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా వచ్చింది. మూత తీశాను. ఖాళీ. పంచదార పలుకు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా రాలేదు. లోపలికెళ్ళి చూసుకుంటే ఫోన్‌లో మెసేజ్: "నేను రావడం లేదు. టికెట్ క్యాన్సిల్ చెయ్యి. నువ్వు చేసినదానికంతా థాంక్స్."

ఆ వారమంతా నేనూ మెత్తగా నడిచాను. కనబడితే "ఎలా ఉన్నారు అక్కా" అనేదాన్ని, "బాగున్నాను" అనేది, ఇద్దరం గరాజ్ తలుపులు దించుకునేవాళ్ళం. టికెట్ మాత్రం క్యాన్సిల్ చెయ్యలేదు. శనివారం ఇక ఉండబట్టలేక ఆ ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను.

సోఫా మీద కొత్త టోపీ ఉంది. వెడల్పు అంచుల గడ్డి టోపీ, షాపు ట్యాగు ఇంకా వేలాడుతూనే ఉంది. దాని పక్కనే ఆవిడ కూర్చుంది, నన్ను ఎదురుగా కూర్చోమంది.

"కోపం కాదు త్రివేణీ. నేను టూరిస్టుగా వెళ్దామనుకున్నాను. ఇప్పుడు నేను టూరిస్టుని కాదు. ఆరో రోజు చూడాల్సినదాన్ని."

ఆవిడ టోపీ ట్యాగుని వేలికి చుట్టుకుంది.

"బస్సులో కిటికీ సీటు నాకిస్తారు. నేనొస్తే మాటలు ఆపేస్తారు. నేను నవ్వితే, పాపం, ఎలా నవ్వుతోందో అనుకుంటారు. దానికి అంత దూరం ఎందుకు? ఇక్కడ క్లినిక్‌లో నేను పళ్ళు క్లీన్ చేసే మనిషిని. హాయిగా ఉంది."

"అక్కా, మీ బాధ నాకు..." అని మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మూసుకోవడం చూశాక తెలిసింది, నేనూ అదే పని చేస్తున్నానని. తెల్లపూల గుత్తి ఒక్కటే తక్కువ నా చేతిలో. నామీద నాకు, దివాకర్ మీద, ఆ రంగురంగుల గడుల మీద, అందరి మీదా నెల రోజులుగా ఉడుకుతున్నదంతా ఒక్కసారి పొంగింది. తెలుగులోనే పొంగింది.

"కిటికీ సీటా? ఎవరిస్తారు నీకు కిటికీ సీటు? రష్మి ఇస్తుందా? ఫోటోల కోసం నన్నే బస్సులోంచి తోసేసే రకం అది! అందరూ కలిసి నా ప్రాణం తోడేస్తున్నారు. నువ్వొక్కదానివైనా బుద్ధిమంతురాలివనుకుంటే నువ్వూ అదే బాపతు! వీసాకి అప్లై చేశావా? లేదు! వెజ్జా, నాన్‌వెజ్జా, ఎన్నిసార్లు అడిగాను, చెప్పావా? లేదు! టోపీ కొన్నావు, ట్యాగు తియ్యలేదు. ఏం, షాపులో తిరిగిచ్చేద్దామనా? టికెట్ నేను క్యాన్సిల్ చెయ్యను. ఆ ఎయిర్‌లైన్స్ వాళ్ళ హోల్డ్ మ్యూజిక్ వినే ఓపిక నాకు లేదు, కావాలంటే నువ్వే విను! ఇంకా ఈ డబ్బా ఒకటి!" అని డబ్బా టేబుల్ మీద ఠంగుమని పెట్టాను. "ఖాళీ డబ్బా తిరిగిస్తారా ఎవరైనా? మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా? ఆ రైస్ కుక్కర్ ఎవరూ మొయ్యనంటున్నారు. నీ సూట్‌కేసులో బోలెడు చోటుంటుంది. నువ్వే మొయ్యి!"

ఊపిరి అందక ఆగాను. చెవులు మండుతున్నాయి. అయిపోయింది, పదేళ్ళ స్నేహం నా నోటితో నేనే తగలబెట్టుకున్నాను అనుకున్నాను.

ఆవిడ డబ్బాని తన వైపు లాక్కుంది. తర్వాత మెల్లగా, ఇంగ్లిష్‌లో అడిగింది. "మా దేశానికి మీరు రైస్ కుక్కర్ తీసుకెళ్తున్నారా?"

"అవును!"

"మా దగ్గర అన్నం ఉండదనా?"

"వాసుదేవరావు గారికి మెత్తగా కావాలట!"

ఆవిడ మొహం ముందు గట్టిగా బిగుసుకుంది, తర్వాత విడిపోయింది. నవ్వింది. పొట్ట పట్టుకుని, సోఫా మీద పక్కకి ఒరిగి, టోపీ నలిగిపోయేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను, నా ఏడుపు నాది.

"ఎన్ని కప్పుల కుక్కర్?" అంది చివరికి కళ్ళు తుడుచుకుని.

"పది."

"పది కప్పులది నేను మొయ్యను. చిన్నది చూడండి."

ఆ సాయంత్రం ఆవిడని మళ్ళీ గ్రూపులో చేర్చాను. అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టున్నారు, ఒక్క మెసేజ్ లేదు. మొదటి మెసేజ్ ఆవిడదే వచ్చింది. "వాసుదేవరావు సార్, అంత పొడుగు వాయిస్ మెసేజ్‌లు నేను వినలేను, దయచేసి రాసి పంపండి. ఆరో రోజు తీసేయండి. జాఫ్నా వెళ్ళాలో వద్దో అక్కడికెళ్ళాక నేను చెప్తాను, అప్పటిదాకా ఎవరూ అడగొద్దు. రష్మీ, బుద్ధుడికి వీపు పెట్టి ఫోటోలు దిగకూడదు, అక్కడ ఊరుకోరు. నేను నాన్‌వెజ్."

తర్వాత రష్మి రాసింది: "సైడ్ కెళ్ళి దిగితే ఓకేనా ఆంటీ?" దాని వెనకే ఎవరో సిగిరియా మెట్లు ఎక్కలేనివాళ్ళకి ఏర్పాటేంటని, ఇంకెవరో టీ తోటల ట్రైన్ ఎన్నో రోజని అడిగారు. వాసుదేవరావు గారు ఇకమీదట రాసి పంపుతానని వాయిస్ మెసేజ్ పెట్టారు. నా ప్రాణం మళ్ళీ విసుగులో పడింది, ఈసారి హాయిగానే ఉంది.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో స్టీలు డబ్బా. ఎత్తితే బరువుగా ఉంది. లోపల వేడివేడి పిట్టు, పైన కొబ్బరి. మూతకి లోపలివైపు చిన్న అట్టముక్క టేపుతో అంటించి ఉంది. ఏమిటా అని చూస్తే టోపీ ట్యాగు. కత్తిరించేసింది. ఇక ఆ టోపీని ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు.

ఆవిడ తన డ్రైవ్‌వేలో మంచు తోడుతోంది. నాకు కళ్ళు మసకబారి సరిగ్గా కనబడలేదు. అయినా గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా అరిచాను.

"సాక్సులు రెండు జతలు! టోపీ లేనివాళ్ళు బస్సెక్కకూడదు!"

ఆవిడ పార ఆపి, వెనక్కి తిరక్కుండానే, తొమ్మిదో క్లాసు పిల్లలా నిటారుగా నిలబడింది.

"ఎస్, టీచర్" అంది.